నక్షత్ర భ్రమణం – గ్రహాన్వేషణ

పూర్వాభాద్ర జంటతారల చెంత, చీకటి రాత్రులలో మాత్రమే కంటికి లీలగా గోచరించే చిన్న చుక్క ఒకటున్నది. దాని పేరు 51 పెగాసి. భూమి నుండి దాని దూరం సుమారు 50 కాంతి సంవత్సరాలు. 1995లో మిషెల్ మేయర్, డిడియర్ క్వెలోజ్ అనే శాస్త్రవేత్తలు ఫ్రాన్స్‌లోని ఓట్ ప్రొవాన్స్ వేధశాల నుండి దీనిని పరిశీలించి, గురుగ్రహ ద్రవ్యరాశిలో దాదాపు సగమైనా గల గ్రహమొకటి నాలుగు రోజుల పైచిలుకు కాలంలో దీనిని చుట్టివస్తున్నదని ప్రకటించారు. వారికి 2019లో నోబెల్ బహుమతిని తెచ్చిపెట్టిన ప్రకటన అది. కాని ఆనాడు అది చాలామందికి మింగుడుపడలేదు. బుధునికే సూర్యుని చుట్టిరావడానికి 88 రోజులు పడుతుంది కదా!

నిజానికి వారికి కనిపించినది గ్రహం కాదు, నక్షత్రపు ఊగిసలాట. గ్రహాకర్షణ వలన నక్షత్రం ఒకపరి భూమివైపు, ఒకపరి ఆవలివైపు, సెకనుకు 60 మీటర్లకు లోపు వేగంతో కదులుతుంది. అందుకు తగినట్లు దాని వర్ణపటంలోని నల్లని గీతలు నీలం వైపునకు, ఎరుపు వైపునకు జరుగుతుంటాయి. అయితే నక్షత్రం కుమ్మరి సారె వలె తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. ఒక అంచు సమీపిస్తుండగా రెండవ అంచు దూరమవుతుంది. అందుచేత ప్రతి గీతా ఇరువైపులా సాగి వెడల్పవుతుంది. ఆ వెడల్పే భ్రమణవేగానికి కొలబద్ద. వడిగా తిరిగే తారలలో గీతలు బాగా పలచబడి, గ్రహం కలిగించే స్వల్ప చలనం వాటిలో మునిగిపోతుంది. 51 పెగాసి గీతలు సూచించే వేగం సెకనుకు రెండు మూడు కిలోమీటర్లే. పరిశోధకుల అదృష్టమనవలెను.

ఈ కొలతలో ఒక చిక్కున్నది. ధ్రువాన్ని భూమికి అభిముఖంగా నిలిపిన తార ఎంత వేగంగా తిరిగినా దాని గీత సన్నగానే ఉంటుంది. అటువంటి తార చుట్టూ దాని మధ్యరేఖ తలంలోనే తిరిగే తోడు, పైకి కనిపించే దానికన్నా ఎంతో బరువైనదై, గ్రహమే కాకపోవచ్చు.

1997లో కెనడా శాస్త్రజ్ఞుడు డేవిడ్ గ్రే మరొక శంక లేవదీశాడు. గ్రహం లాగితే గీత స్థానం మారాలి గాని ఆకారం మారరాదు. 51 పెగాసి గీతల ఆకారమే మారుతున్నదని, కనుక అది నక్షత్రపు సొంత స్పందనేనని ఆయన వాదించాడు. గ్రహం ఉనికే ప్రశ్నార్థకమైనది. మరింత సూక్ష్మంగా కొలిచి చూడగా ఆ మార్పు కానరాలేదు. 1998లో ఆ సంగతిని వెల్లడించినవాడు గ్రేయే.