ఉసిరి కుండీకి సీటు బెల్టు

నెల్లితోపు, పుదుచ్చేరి.

ప్రియమైన పాఠకులకు,

పోయిన ఉత్తరానికి వచ్చిన జవాబుల్లో నెల్లూరు నుంచి ఒకాయన రాసిన కార్డు నా బల్ల మీదే ఉండిపోయింది. "పిల్లలు ఇల్లులాంటి బండి అద్దెకు తీసుకుందామంటున్నారు. మంచాలు, వంటగది, బాత్‌రూము అన్నీ అందులోనే ఉంటాయట. మీ ఊళ్ళో పెద్ద చెరువుందని విన్నాం. ఒడ్డున బండి ఆపుకుని రెండు రాత్రులు గడపొచ్చా?" అని అడిగారు. గడపకూడదండీ. ఒక్క రాత్రి కూడా. ఆ ముక్క రాసి పంపేస్తే సరిపోయేది గాని, చెరువు సంగతీ ఆ బండ్ల సంగతీ రెండూ నాకు అనుభవంలోకి వచ్చినవే కనక అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ చెరువు పేరు ఊసుటేరి. మా ఇంటి నుంచి విల్లుపురం రోడ్డు పట్టుకుని రెడ్డియార్‌పాళ్యం, మూలకుళం మీదుగా పోతే అటూ ఇటూగా పది కిలోమీటర్లు. సుమారు 800 హెక్టార్ల నీరు. సగం పుదుచ్చేరిది, సగం తమిళనాడుది. గట్టు మీద నిలబడి ఎంతవరకు ఎవరిదో కనిపెడదామని చూశాను, నా వల్ల కాలేదు. సెంజి వైపు నుంచి వచ్చే శంకరాపరణి నది నీళ్ళు కాలవలో దీనికి చేరతాయి. సెంజి అంటే మన బుర్రకథల్లో దేశింగు రాజు సెంజే. 2008లో ఇక్కడి ప్రభుత్వం తన వైపు భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. గూడబాతులు, నీటికాకులు, పెయింటెడ్ స్టార్క్‌లు, చలికాలానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే బాతులు దాని సొంతదారులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా మకాం పెట్టకూడదు, నిప్పు రాజెయ్యకూడదు. పగలు పోయి చూసి రావచ్చు.

ఇక బండి సంగతి. మా అమ్మాయీ అల్లుడూ డల్లస్ పక్కన ఉంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆర్.వీ. అనే ఇలాంటి బండే అద్దెకు తీసి మమ్మల్ని టెక్సోమా సరస్సుకు తీసుకెళ్ళారు. టెక్సస్‌కీ ఓక్లహోమాకీ మధ్యన ఉంది కనక రెండు పేర్లూ కలిపి అతికించారు. రెడ్ రివర్ మీద డెనిసన్ దగ్గర డ్యామ్ కడితే నిలిచిన నీరది. సుమారు 360 చదరపు కిలోమీటర్లు, అంటే మా ఊసుటేరిలాంటివి నలభై అయిదు పడతాయి. ఒడ్డున ఐసెన్‌హోవర్ పేర స్టేట్ పార్కు ఉంది. ఆయన పుట్టింది ఆ డెనిసన్‌లోనే. అందులో నంబరు వేసిన చోట్లు, ఒక్కో చోట ఒక్కో బండి.

బండి ఆగగానే అల్లుడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. మొదట కరెంటు తీగ తగిలించాడు, తర్వాత నీళ్ళ గొట్టం. మూడోది లావుపాటి మడతల గొట్టం. దాన్ని బండి కింద ఒక మూతికి బిగించి, రెండో కొస నేలలో ఉన్న కన్నంలో దింపాడు. "అదేంటి బాబూ?" అంటే నవ్వి, "అత్తయ్యా, దీని గురించి భోజనం అయ్యాక చెబుతాను" అన్నాడు. చెప్పకుండానే అర్థమైంది. ఒక ట్యాంకులో గిన్నెల, స్నానాల మురికినీళ్ళు, ఇంకో దాంట్లో మరుగుదొడ్డిది. అవి నిండేలోపు ఖాళీ చెయ్యాలి, చెయ్యడానికి చోటుండాలి. కరపత్రాల్లో అందరూ కిటికీలోంచి సరస్సు బొమ్మ వేస్తారు గాని బండికి ప్రాణం ఆ మూడో గొట్టంలో ఉంది.

మధ్యాహ్నం నేను పులిహోరకు పోపు పెట్టాను. ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయ కమిలింది, అంతే! నెత్తి మీద పొగ గంట కూత పెట్టింది. మా వారు తువ్వాలు పట్టుకుని విసరడం, మనవరాలు చెవులు మూసుకుని కేకలు, పక్క బండిలో తెల్లాయన తల బయట పెట్టి చూడటం. తర్వాత పొయ్యి చెట్టుకింద బల్ల మీదికి మార్చాం. తెల్లాయనకు ఆకులో కొంచెం పులిహోర పెట్టి పంపాను, పల్లీలన్నీ ఏరుకుని తిన్నాడట. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా చప్పుడు చెయ్యకూడదని అక్కడ నియమం. పదికల్లా మాటలు గుసగుసల్లోకి దిగాయి. నీళ్ళు గట్టును కొట్టే చప్పుడు తెల్లవార్లూ వినపడింది. యానాంలో మా పుట్టింటి అరుగు మీద పడుకుంటే గౌతమి అలాగే వినపడేది.

ఆ రాత్రి నాకు మన వనభోజనాలు గుర్తొచ్చాయి. కార్తీకంలో ఊరంతా గిన్నెలూ గరిటెలూ మోసుకుని తోటకు పోయేవాళ్ళం. ఇల్లు మాత్రం ఇంటి దగ్గరే ఉండేది. ఉసిరి చెట్టు కింద వండుకుని, తిని, చీకటి పడేలోపు వచ్చేసేవాళ్ళం. తమిళంలో నెల్లి అంటే ఉసిరి, అంటే నేను కాపురముంటున్నది ఉసిరితోపులో! పేరు మిగిలింది గాని, మా వీధిలో చెట్టు లేదు. అందుకే డాబా మీద కుండీలో ఒకటి పెంచుతున్నాను.

అమెరికా నుంచి వచ్చాక ఇక్కడా అలా పోదామని యానాం వాళ్ళం నాలుగు కుటుంబాలం అనుకున్నాం. 2024లో కార్తీకం ఆఖరి ఆదివారానికి ముహూర్తం పెట్టాం. ముందురోజు, నవంబరు 30న, ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో 48 సెంటీమీటర్ల వాన. చేసుకున్న పిండివంటలు వీధిలో వాళ్ళకు పంచేశాం. గోదావరి జిల్లాల్లో కార్తీకమంటే పల్చటి చలి. ఇక్కడ ఈశాన్య రుతుపవనాలకు అదే నడికాలం. ఇన్నేళ్ళు ఇక్కడుండీ ఆ లెక్క నాకు తట్టలేదు చూడండి!

మరుసటి ఏడు మొండికేసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. ఉసిరి కుండీని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాం. "అది టికెట్టు కొనలేదు" అని డ్రైవరు తమ్ముడు హాస్యమాడాడు. దారిలో మా వారు పిల్లలకు ఆయి కథ చెప్పారు. కృష్ణదేవరాయలు ఇటు వచ్చినప్పుడు దీపాలతో వెలిగిపోతున్న మేడను చూసి గుడి అనుకుని దణ్ణం పెట్టాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చెయ్యమన్నాడట. నేనే కూలుస్తానని ఆమె బతిమాలుకుని, ఆ చోట ఊరి కోసం చెరువు తవ్వించిందంటారు. మూడో నెపోలియన్ కాలంలో ఆ చెరువున్న ముత్తిరపాళ్యం నుంచి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చాక ఆమె పేర కట్టిన తెల్ల మండపం ఇప్పటికీ భారతీ పార్కులో ఉంది. రాయలవారికి ఈ కథలో మంచి మార్కులు వెయ్యలేను.

ఊసుటేరి దగ్గర దిగామో లేదో వాన అందుకుంది. బండి ఎక్కి తలుపులు వేసుకుని, కుండీని మధ్యలో దింపి, చుట్టూ కూర్చుని విస్తళ్ళు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. పులిహోర, గారెలు, ఉసిరికాయ పచ్చడి, అన్నీ ఇంట్లో వండుకున్నవే. అద్దాల మీద నీటి ధారల వెనక చెరువు బూడిదరంగులో కనపడింది. వాన తెరిపిచ్చాక ఒక గూడబాతు వచ్చి నీళ్ళలో దిగింది. పిల్లలు ఫోన్లు పక్కన పడేసి దాన్నే చూశారు. ఎంగిలి విస్తళ్ళు సంచిలో కట్టి వెనక్కి తెచ్చేశాం.

కనక నెల్లూరు పాఠకులకు నా జవాబు ఇది. కేరళ 2021లోనే ఇలాంటి బండ్లకు విధానం తెచ్చింది, ఆపుకునే పార్కులతో సహా. ఇంటి బండిలోనే తిరగాలని ఉంటే అటు పొండి. బుక్ చేసేముందు మూడో గొట్టం ఎక్కడ దింపుతారో అడగండి. చెప్పలేకపోతే డబ్బు కట్టకండి. మీ పక్కనే ఉన్న పులికాట్ కూడా అభయారణ్యమే, అక్కడా రాత్రి మకాం ఆలోచన వద్దు. మా ఊసుటేరికైతే పొద్దున్నే రండి, సాయంత్రానికి మా ఇంటికి భోజనానికి వచ్చెయ్యండి. ముందుగా ఒక కార్డు ముక్క రాస్తే కుండీ నేను తెస్తాను. పులిహోర మీరు తెచ్చుకోండి. కార్తీకంలో వస్తే మనిషికో గొడుగు కూడా.

ఇట్లు,
మీ నెల్లితోపు పిన్ని