కంటికి కనబడే పాము

2021 ఏప్రిల్ మొదటి వారంలో పుదుచ్చేరి శాసనసభ ఎన్నికల వార్తల కోసం వెళ్లినప్పుడు సేదరపేట్‌లో నాలుగు రాత్రులు గడిపాను. పట్టణానికి వాయవ్యంగా, తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న పారిశ్రామికవాడ అది. ప్రత్యేక ఆర్థిక మండలి పేరుతో సేకరించిన వందల ఎకరాలు ఆ పక్కనే ఖాళీగా పడి ఉన్నాయి. కార్మికులకు అద్దెకిచ్చే గదుల వరుసలో ఒక మిత్రుడి గది నాకు దొరికింది. పగలంతా పార్టీ కార్యాలయాల చుట్టూ తిరిగి, రాత్రి వార్త పంపించాక నిద్ర పట్టని వేళ నేను చేసే పని ఒకటే. నల్లని తెర మీద అక్షరాలతో గీసిన నేలమాళిగలోకి దిగి చచ్చిపోవడం.

ఈ వ్యసనం సంగతి ఇక్కడ ఎన్నడూ రాయలేదు. ఆట పేరు నెట్‌హ్యాక్. 1980 ప్రాంతంలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు కాలిఫోర్నియా విద్యార్థులు మొదలుపెట్టిన రోగ్ అనే ఆట ఈ వంశానికి మూలపురుషుడు. నెట్‌హ్యాక్ 1987లో వచ్చింది. ఇందులో బొమ్మలుండవు. మనం ఒక ఎట్ గుర్తు, కుక్క ఒక అక్షరం, మనలను తినవచ్చిన రాకాసి మరొక అక్షరం. ప్రతి ఆటకూ నేలమాళిగ కొత్తగా అల్లుకుంటుంది. చస్తే చచ్చినట్టే, పాత చోటికి వెనుదిరిగి పొరపాటు దిద్దుకునే సదుపాయం లేదు. అట్టడుగున ఉన్న యెండర్ తాయెత్తును సాధించి, పైకి తెచ్చి, దేవుడికి సమర్పిస్తే గెలిచినట్టు. పదిహేనేళ్లుగా ఆడుతున్నాను. ఒక్కసారీ గెలవలేదు.

రెండో రాత్రి పక్కగది కుర్రాడు గుమ్మంలో నిలబడి నా తెర వైపు చూశాడు. యానాం వాడు, డిప్లొమా చదివి అక్కడి ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే అయినా మధ్య దూరం ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. ఓటు వేయడానికి వెళ్లలేదా అని అడిగితే, "సెలవివ్వలేదండి" అన్నాడు. ఆ వెంటనే, "అది నెట్‌హ్యాకేనాండీ?" అన్నాడు. నా ఆశ్చర్యం చెప్పనలవి కాదు. ఈ ఆట పేరు తెలిసిన తెలుగువాణ్ణి నేను అంతకుముందు ఒక్కరినే చూశాను. కుర్రాడు ఫోన్‌లో దించుకొని పది పన్నెండు సార్లు ఆడి విసిగి మానేశాడట. ఎందుకు మానేశావు బాబూ అంటే ఒక్క మాటలో తేల్చాడు: "అన్యాయపు ఆటండి అది."

నాకు కొంచెం కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఈ ఆటను నేను సమర్థించుకున్నది దాని న్యాయం పేరుతోనే. కఠినమైనదే, కానీ పక్షపాతం లేనిది. ధనికుడికొక పాచిక, పేదకొక పాచిక ఉండవు. నిన్న నేర్చినది ఇవాళ పనికివస్తుంది. ఏ చావు చూసినా, వెనక్కి తిరిగి ఆలోచిస్తే నా తొందరో నా దురాశో కనబడుతుంది. నేను రోజూ రాసే రాజకీయాలలో ఇంతపాటి న్యాయం ఎక్కడుందని నా వాదం. అతడికీ అదే చెప్పాను.

శ్రద్ధగా విని, "నేనెలా చచ్చేనో చెప్పనాండీ?" అన్నాడు.

అతణ్ణి చంపినది తేలేకన్ను. రోమన్ లిపిలోని 'ఇ' అక్షరం, నీలిరంగులో. ఈ ఆట ఆడినవారెవరైనా ఆ పేరు వినగానే నవ్వుతారు, ఎందుకంటే అందరూ ఒకసారి దానికి బలి అయినవారే. ఆటలో అంతకన్న నిదానమైన జీవులు అరుదు. అది మన మీదికి రాదు, కరవదు, ఏమీ చేయదు. అలా గాలిలో తేలుతూ ఉంటుంది. అడ్డుగా ఉంది కదా అని కత్తితో ఒక దెబ్బ వేస్తే, దాని చూపు తగిలి శరీరం కొయ్యబారిపోతుంది. ఎన్నో వంతుల పాటు కదలలేము. ఆ లోగా దారినపోయే ఏ పిల్ల రాకాసి అయినా తాపీగా వచ్చి కొరికి చంపుతుంది. తెలిసినవాడు దూరం నుంచి బాకులు విసురుతాడు, లేదా కళ్లకు గంత కట్టుకొని కొడతాడు. చంపి దాని కళేబరాన్ని తింటే దూరదృష్టి వంటి శక్తి వస్తుంది. కళ్లు మూసుకుంటే ఆ అంతస్తులో మనసున్న జీవులన్నీ ఎక్కడున్నాయో తెలుస్తుంది. తెలియనివాడికి మృత్యువు, తెలిసినవాడికి వరం. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కల్పన అదే.

"మూడుసార్లు దానితోనే పోయేనండి. కొడితే పోతానని ముందే ఎలా తెలుస్తుందండి?"

ఒకసారి పోతే తెలుస్తుంది కదా అన్నాను.

"ఒకసారి పోతే ఎందుకు పోయేనో తెలియలేదండి. మీకు ఎవరు చెప్పేరండి?"

జవాబు నా దగ్గర ఉంది, అందుకే ఇబ్బంది పడ్డాను. నాకు చెప్పినది ఢిల్లీలో రాత్రి డెస్కు మీద నాతో పనిచేసిన ఒక సీనియర్ ఉపసంపాదకుడు. నా వెనుక కుర్చీ వేసుకొని కూర్చొని, "ఆ నీలిదాన్ని ముట్టుకోకు" అన్నాడు. నేను తేలేకన్నుకు ఒక్కసారీ బలి కాలేదు. ఆటగాళ్లందరూ బలి అయినవారే అని పైన రాశాను, నన్ను మినహాయించాలి. నా ప్రతిభ అనుకున్నదానిలో కొంత, నా వెనుక కుర్చీ వేసుకొని కూర్చున్న మనిషిది.

ఆట తన రహస్యాలు తానే చెబుతుందని పాత ఆటగాళ్లు వాదిస్తారు. అబద్ధం కాదు. అయిదు నుంచి తొమ్మిది అంతస్తుల మధ్య ఎక్కడో డెల్ఫీ అనే చోటు ఉంటుంది. అక్కడి సోదెగత్తెకు బంగారం చెల్లిస్తే నిజమైన సలహా చెబుతుంది. అదృష్టం బాగుంటే ఎల్‌బెరెత్ అనే రక్షానామం సంగతి అక్కడే వినవచ్చు. కానీ తేలేకన్ను రెండో అంతస్తులోనే ఎదురుపడవచ్చు. రెండో అంతస్తులో పోయేవాడికి అయిదో అంతస్తులో, అదీ డబ్బుకు, సలహా దొరుకుతుందన్నమాట. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

ఎల్‌బెరెత్ టోల్కీన్ కథలలోని దేవత పేరు. నేల మీద దుమ్ములో వేలితో ఆ పేరు రాసి దాని మీద నిలబడితే చాలా రాకాసులు భయపడి దగ్గరికి రావు. 2003 నాటి 3.4.3 రూపంలో ఆ పేరు మీద నిలబడి దూరంగా ఉన్నవారి మీద బాణాలు వేసుకుంటూ ఉండవచ్చు. ఆటను నిర్వహించే బృందం పన్నెండేళ్ల పాటు కొత్త రూపమేదీ విడుదల చేయలేదు. 2015 డిసెంబరులో వచ్చిన 3.6.0లో నిబంధన మారింది. ఆ పేరు మీద నిలబడి దాడి చేస్తే రాత చెరిగిపోతుంది. రాకాసి భయపడిన ప్రతిసారీ కూడా, ఏడింటిలో ఒక వంతు, చెరిగే అవకాశం ఉంది. ఆటగాళ్లలో కొందరు మండిపడ్డారు. బలహీనుడికున్న ఒకే ఒక్క గొడుగును చించారన్నారు. మరికొందరు, గొడుగు కింద నిలబడి రాళ్లు వేయడం మాన్పించారు, మంచిదే అన్నారు. నేను రెండో పక్షం. శరణాలయం ఉండాలి కాని అది కోటబురుజు కాకూడదు. పైగా ఆ మార్పులో ఒక మర్యాద ఉంది. పాత రూపంలో దాచుకున్న ఆట కొత్త రూపంలో తెరుచుకోదు. ఏ నిబంధనల కింద దిగావో వాటి కిందే ముగిస్తావు.

ఇదే వంశంలోని మరో ఆట డంజన్ క్రాల్. లిన్లీ హెన్‌జెల్ 1997లో వదిలిన దానిని 2006 నుంచి స్టోన్ సూప్ పేరుతో స్వచ్ఛంద బృందం పెంచుతోంది. వీరి మతం వేరు. బయటి రహస్యాలు తెలియకుండానే ఆట ఆడగలగాలి, విసుగు పుట్టించే పనికి లాభం ఉండకూడదు, ఆలోచన అక్కరలేని ఎంపిక అసలు ఎంపికే కాదు అంటారు. అలాగే చేశారు కూడా. కొత్తవారికి సులువని పేరున్న కొండ మరుగుజ్జుల జాతిని తీసేశారు. 2021లో ఆకలినీ ఆహారాన్నీ పూర్తిగా తీసేశారు. ప్రతి తొలగింపుకూ ఒక కారణం చూపారు. ప్రతి తొలగింపుకూ ఏడ్చినవారున్నారు. ఆ ఏడ్చినవారి పట్ల నాకు సానుభూతి ఉంది. సమతుల్యం పేరిట అన్ని అంచులూ అరగదీస్తే చేతికి మిగిలేది గులకరాయి. తేలేకన్ను వంటి వింత అక్కడ పుట్టదు. కుర్రాడికి క్రాల్ గురించి చెబితే మాత్రం అతడి కళ్లు వెలిగాయి.

మర్నాడు రాత్రి మా మాట ఎన్నికల మీదికి మళ్లింది. ఆ ఫిబ్రవరి 22న నారాయణసామి ప్రభుత్వం పడిపోయింది. రాజీనామాల తరువాత సభలో మిగిలినది 26 మంది. అధికారపక్షం 12, ప్రతిపక్షం 14. ఆ 14లో ముగ్గురు కేంద్రం నామినేట్ చేసినవారు. వారిని తీసేస్తే 11. ముగ్గురు వరకు నామినేట్ చేయవచ్చునని 1963 నాటి చట్టంలోనే ఉంది. స్థానిక ప్రభుత్వాన్ని అడగనక్కరలేదనీ, వారికి ఓటు ఉందనీ 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఓడిన పక్షానిది తెలియనితనం కాదు. రాజీనామా చేసినవారు సొంత పక్షంవారే గనుక సగం తప్పు వారిదే. నేను ఆ రోజుల్లో అలాగే రాశాను: ఆట కఠినమైనది, నిబంధన పుస్తకంలో ఉంది, ఓడినవారు ఏడవకూడదు.

కుర్రాడి ప్రశ్న విన్నాక ఆ వాక్యం నాకు రుచించలేదు. నేను లెక్కలోకి తీసుకోని మనిషి ఓటరు. అతడు 30 మందిని ఎన్నుకున్నాననుకున్నాడు. ఆట 33 మందితో జరిగింది. పగలు నేను మాట్లాడిన ఓటర్లలో ఈ సంగతి ఫిబ్రవరికి ముందే తెలుసునన్నవారు ఇద్దరు. ఒకరు వకీలు. మా వృత్తి చేయవలసిన పని వెనుక కుర్చీ వేసుకొని కూర్చోవడమే కదా. ఆ పని జరగలేదు. నా పాత రాతలు వెతుక్కున్నాను. 2018 తీర్పు మీద నేను రాసినదంతా ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న లెక్క. నీ ఓటుకు దీనితో ఏమవుతుందన్న వాక్యం ఒక్కటీ లేదు.

"మా నాయనమ్మ వైకుంఠపాళి ఆడించేదండి," అన్నాడు కుర్రాడు. "పైన పెద్దపాము మింగితే కిందికొచ్చి పడతాం. ఏడుపొచ్చేది. కానీ పాము కనబడుతూ ఉంటుంది కదండి."

దీనికి నా దగ్గర జవాబు లేకపోలేదు. వైకుంఠపాళిలో పాము కనబడినా తప్పించుకునే తెలివికి చోటు లేదు, అంతా పాచికదే. నెట్‌హ్యాక్‌లో పాము కనబడకపోయినా, తెలిసిన తరువాత తప్పించుకోవడం మన చేతిలో ఉంటుంది. నాకు ఇప్పటికీ రెండోదే ఇష్టం. ఆ రాత్రి మాత్రం ఊరుకున్నాను.

ఆ సంవత్సరమే కృత్రిమ మేధ పరిశోధకులు నెట్‌హ్యాక్ మీద పోటీ పెట్టారు. ఆడుతూ, చస్తూ తమంతట తాము నేర్చుకునే యంత్రాలు ఒక వైపు. మనుషులు పోగుచేసిన నియమాలను రాసి నింపిన యంత్రాలు మరో వైపు. నియమాలు నింపినవే చాలా పైచేయిగా నిలిచాయి. తాయెత్తు తెచ్చి గెలిచినది రెండు వైపులా లేదు. అలసట ఎరుగని యంత్రాలకే చావులు చాలినంత చదువు చెప్పలేకపోతే, డ్యూటీ దిగి వచ్చి ఫోన్ పట్టుకున్న కుర్రాడు మూడు చావులతో నేర్చుకోలేదని నేను తప్పుపట్టడం ఏమి న్యాయం? ఈ వార్త చదివినప్పుడు సేదరపేట్ గది గుర్తుకొచ్చింది.

బయలుదేరే ముందు రాత్రి అతడి ఫోన్‌లో ఇద్దరం కలిసి ఆడాము. నేను వెనుక కూర్చున్నాను. తేలేకన్ను రాలేదు, రావాలని ఎదురుచూస్తే రాదు. అదే సంవత్సరం దీపావళి దాటాక ఒక సందేశం పంపాడు. బాకులు విసిరి కన్నును చంపాడట, తిన్నాడట, కళ్లకు గంత కట్టుకొని అంతస్తు మొత్తం చూశాడట. ఆ తరువాత ఆరో అంతస్తులో, పారిపోవడానికి మెట్లు పక్కనే ఉన్నా ఇంకొక పెట్టె తెరుద్దామని ఆగితే సైనికచీమలు చంపేశాయట.

"ఇది మాత్రం నా తప్పేనండి" అని రాశాడు.