చేత్తో ఎన్ని చుట్లు తిరిగింది?

పాత వ్యాన్ ఉన్నవాడికి రెండు జబ్బులుంటాయి. ఒకటి, దాన్ని అమ్మబుద్ధి కాదు. రెండు, దానికి ఏదో ఒకటి చెయ్యాలని చేతులు దురద పెడుతుంటాయి. నాకు రెండూ ఉన్నాయి. నాది 2002 హోండా ఒడిస్సీ. అమెరికా వచ్చిన రెండో ఏడు కొన్నాను, మూడో చెయ్యి బండి. మా ఆవిడ దాన్ని "తాతగారు" అంటుంది.

పోయిన చలికాలంలో ఆఫీసులో ఒకాయన ఇండియా వెళ్ళిపోతూ 17 అంగుళాల అలాయ్ చక్రాలు నాలుగు, దాదాపు కొత్త టైర్లతో సహా, 250 డాలర్లకి ఇస్తానన్నాడు. ఐదు బోల్టులు, 114.3 పీసీడీ. నా బండిదీ అదే. (ఈ 114.3 ఏం వింత అంకె అని చాలా రోజులు అనుకున్నాను. నాలుగున్నర అంగుళాలు, అంతే!) బోల్టులు సరిపోయాయి కాబట్టి చక్రం సరిపోయినట్టే అనుకున్నాను. ఇంజనీరింగ్ చదివానని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మొదటి సందర్భం ఇది.

పాత రిమ్ వెడల్పు ఆరున్నర అంగుళాలు, కొత్తది ఎనిమిది. ఆఫ్‌సెట్ దాదాపు ఒకటే. అంటే పెరిగిన అంగుళంన్నరలో సగం, 19 మిల్లీమీటర్లు, లోపలికి వెళ్ళింది. ముందు చక్రాల దగ్గర టైరుకీ స్ట్రట్‌కీ మధ్య నా చిటికెన వేలు కూడా దూరలేదు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చేసరికి టైరు మీద ఒరుసుకున్న గీత.

చక్రాన్ని కాస్త బయటికి జరపాలి. దానికి స్పేసర్లున్నాయి. హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ళలు. ఎనిమిది మిల్లీమీటర్లవి, "యూనివర్సల్" అని రాసున్నవి, జత ఇరవై డాలర్లకి తెప్పించాను. బోల్టు కన్నాలు గుండ్రంగా కాదు, పొడుగ్గా ఉన్నాయి, ఏ బండికైనా పట్టేలా. అందరికీ సరిపోయేది ఎవరికీ సరిగ్గా సరిపోదని సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్ళు పనిచేసినవాడికి ఒకరు చెప్పాలా? అయినా బిగించాను. ఒరుపు పోయింది. శభాష్ అనుకున్నాను.

ఆ శనివారం నలభై మైళ్ళ దూరంలో ఉన్న గుడికి బయల్దేరాం. వెనక సీట్లో మా పాప, ఎనిమిది నెలలది. హైవే ఎక్కి అరవై దాటగానే స్టీరింగ్ వణకడం మొదలెట్టింది. యాభైకి తగ్గిస్తే ఆగుతుంది, మళ్ళీ అరవైకి మొదలు. బ్యాలెన్సింగ్ పోయుంటుందిలే అని అలాగే నడుపుకుంటూ వెళ్ళి, అలాగే తిరిగొచ్చాను. ఎనభై మైళ్ళు. ఆ సంగతి ఇప్పటికీ తల్చుకోవడం ఇష్టం లేదు.

రాత్రి నాన్నకి ఫోన్లో మాటల మధ్య చెప్పాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. స్పేసర్ అంటే ఏంటని అడిగి, మొత్తం విని, ఒకే ప్రశ్న వేశారు.

"నట్టు చేత్తో ఎన్ని చుట్లు తిరిగిందిరా?"

"లెక్క పెట్టలేదు నాన్నా."

"లెక్క పెట్టకుండా పిల్లని కూర్చోబెట్టావా?"

అంతకంటే ఏమీ అనలేదు. ఫోన్ అమ్మకి ఇచ్చేశారు.

పొద్దున్నే జాకీ పెట్టి లెక్క పెట్టాను. స్పేసర్ లేకుండా పది చుట్లు. స్పేసర్‌తో నాలుగున్నర. నా బండి స్టడ్ 12 మిల్లీమీటర్ల లావు, మర పిచ్ ఒకటిన్నర. నట్టు కనీసం స్టడ్ లావంత లోతు పట్టాలని వర్క్‌షాపుల్లో పాత లెక్క. అంటే 12 మిల్లీమీటర్లు, ఎనిమిది చుట్లు. నాది ఏడు మిల్లీమీటర్లు కూడా పట్టలేదు. రెండు టన్నుల బండి, నా కుటుంబం, ఏడు మిల్లీమీటర్ల లోపు మర మీద వెళ్ళొచ్చాం.

అప్పుడు కూర్చుని శ్రద్ధగా చదివాను. వణుకు సంగతీ తేలింది. హబ్ మధ్యలో ఒక గుండ్రటి అంచు పైకి ఉంటుంది, నా బండికి 64.1 మిల్లీమీటర్లు. చక్రాన్ని నట్ట నడిమికి తెచ్చేది అదే. నట్లు పట్టుకోవడానికే ప్రధానం. కొత్త చక్రం మధ్య కన్నం 73.1. ఆ తేడా పూడ్చే ప్లాస్టిక్ రింగు ఉంది గానీ, నా స్పేసర్ ఆ అంచుని మింగేసింది. రింగుకి ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు. పైగా హోండా నట్టు అడుగు గోళంలా ఉంటుంది, కొత్త చక్రం కన్నం శంఖువులా 60 డిగ్రీల వాలు. గోళం శంఖువులో కూర్చుంటే సన్నటి గీత మేరే ఆనుతుంది. ఒక్క చక్రం దగ్గర మూడు తప్పులు. ఏ ఒక్కటీ కంటికి కనపడదు.

రెండో ప్రయత్నం. ఈసారి బండి ఏడాది, కంపెనీ, మోడల్ ఎంచుకుంటే "మీ వాహనానికి సరిగ్గా సరిపోతుంది" అని పచ్చటి టిక్కు వచ్చింది. డబ్బా విప్పితే బిళ్ళ మీద 60.1 అని చెక్కి ఉంది. అది టొయోటాల హబ్ కొలత! హబ్ మీద కూర్చోనే కూర్చోదు. వాపసు పంపాను. ఆ టిక్కు వెనకాల ఎవరో నాలాంటివాడే ఒక టేబుల్లో పీసీడీ కాలమ్ ఒక్కటీ సరిచూసి వదిలేసుంటాడు. టెస్టులు పాసయ్యాయి కదా అని మనం ఎన్నిసార్లు వదిలెయ్యలేదు?

మూడోసారి మోడల్ పేరు చెప్పలేదు, అంకెలు చెప్పాను. వెర్నియర్ కాలిపర్‌తో నేనే కొలిచి రాసుకున్నవి. ఐదు కన్నాలు 114.3. (కొన్ని అమెరికన్ బళ్ళకి 115 ఉంటుంది. 0.7 తేడాయే కదా అని బిగించేవాళ్ళున్నారు, చెయ్యకండి.) లోపలి కన్నం 64.1, బయటికి తన సొంత అంచు కూడా 64.1. మందం 15. దాంతోపాటు పొడుగాటి స్టడ్‌లు, శంఖువు అడుగున్న నట్లు. స్టడ్‌లు మార్చడం నా వల్ల అయ్యే పని కాదని షాపులో ఇచ్చాను. మొత్తం 430 డాలర్లయింది. 250 డాలర్ల చక్రాలకి! బేరం బాగా కుదిరిందని మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటుంది.

బిగించేటప్పుడు ప్రతి నట్టూ చేత్తోనే ఎక్కించాను, పైకి లెక్కపెడుతూ. పదకొండు. తర్వాత టార్క్ రెంచ్‌తో 80 పౌండ్-ఫుట్, అంటే 108 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా. యాభై మైళ్ళు నడిచాక మళ్ళీ బిగింపు చూశాను. ఆ యాభై మైళ్ళూ నేనొక్కణ్ణే తిరిగాను. అరవై, అరవై ఐదు, డెబ్భై. స్టీరింగ్ కదల్లేదు.

మీలో ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ముందు ఆరు కొలతలు కాగితం మీద రాసుకోండి: పీసీడీ, హబ్ కొలత, చక్రం మధ్య కన్నం, మర సైజు, నట్టు అడుగు ఆకారం, కావలసిన మందం. ఒక్కటి తెలియకపోయినా కొనకండి. అన్నీ తెలిశాక అసలు ఈ చక్రాలు అవసరమా అని కూడా ఒకసారి అడగండి. నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకునుంటే పాత చక్రాలతోనే హాయిగా తిరిగేవాణ్ణి.

మొన్న నాన్నకి ఫోన్ చేసి "పదకొండు" అన్నాను. హలో కూడా అనకుండా.

కాసేపు ఆగి, "పాప ఏం చేస్తోంది?" అని అడిగారు.