బ్యారేజీ మీద గాలి

వేసవి సాయంత్రం విజయవాడలో పైరగాలి తిరిగిందంటే ఊరికి ప్రాణం లేచి వస్తుంది. పగలంతా బిగించుకున్న తలుపులు తెరుచుకుంటాయి. డాబాల మీద నీళ్ళు చల్లి పక్కలు వేస్తారు. ప్రకాశం బ్యారేజీ పిట్టగోడ దగ్గర పిల్లల్ని ఎత్తుకుని జనం నిలబడతారు. ఆ గాలి దక్షిణం నుంచి, సముద్రం వైపు నుంచి వస్తుంది. గవర్నరుపేటలో ప్రూఫులు దిద్దే పని ముగించుకుని నేను ఉండవల్లికి బయల్దేరేది ఆ వేళకే, పోవలసిందీ దక్షిణానికే. ఊరందరికీ చల్లగాలి అయినది సైకిలు తొక్కేవాళ్ళకు ఎదురుగాలి. తడిసిన చొక్కాకు అది హాయిగానే తగులుతుంది. భారమంతా కాళ్ళ మీద పడుతుంది.

బ్యారేజీ పొడవు 1223 మీటర్లు, గేట్లు 70. గాలి లేని రోజున సైకిలు మీద ఐదు నిమిషాల్లో దాటేయవచ్చు. ఊళ్ళో అయితే ఇళ్ళు, చెట్లు, ప్రహరీలు గాలిని విరుస్తాయి. నది మీద దాన్ని విరిచేదంటూ ఏమీ ఉండదు. మనం గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగా గాలి కూడా అంతే వేగంతో వస్తే, అది పెట్టే అడ్డు నాలుగు రెట్లవుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు అవడం ప్రకృతి నియమం. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక సూత్రం. నలభయ్యో గేటు దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళకు తెలుస్తుంది.

ఆషాఢం, శ్రావణాల్లో గాలి మారుతుంది. అప్పుడంతా పడమటి గాలి, నది ఎగువ నుంచి అడ్డంగా కొడుతుంది. ఎదురుగాలి అలుపు తెస్తుందే గాని ప్రమాదం తేదు. నాకు భయం ఈ అడ్డగాలి అంటేనే. పొద్దున ఊళ్ళోకి వచ్చేటప్పుడు అది ఎడమవైపు నుంచి తోస్తుంది. మనం రోడ్డుకు ఎడమ అంచున ఉంటాం, అది మనల్ని కుడికి, బళ్ళ మధ్యకు నెడుతుంది. సాయంత్రం ఇంకో రకం. గాలి కుడినుంచి వస్తుంది కనుక పడిపోకుండా ఆ వైపుకే కాస్త ఒరిగి తొక్కుతుంటాం. పక్కనుంచి ఒక పెద్ద బండి దాటుతుంది. దాని గోడంత ఒళ్ళు ఆ క్షణంలో గాలిని ఆపేస్తుంది. ఒరిగి ఉన్న మనం ఆ బండి మీదికే తూలుతాం. అది దాటిపోగానే గాలి మళ్ళీ విసురుగా వచ్చి పిట్టగోడ వైపు తోస్తుంది. రోజూ తొక్కేవాళ్ళు దీన్ని ముందే పసిగట్టి, వెనక బండి చప్పుడు వినగానే చేతులు బిగించి ఒళ్ళు నిటారు చేస్తారు. ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య ఇది. బండి నడిపే మనిషికి మాత్రం తన పక్కన ఇంత జరుగుతోందని తెలిసే వీలు లేదు. సైకిలును దాటేటప్పుడు బారెడు దూరం వదలమని చెప్పడం అందుకే.

పొద్దున ఆరు దాటాక సీతానగరం వైపు నుంచి బ్యారేజీ ఎక్కేవాళ్ళను చూడాలి. పెనుమాక, ఉండవల్లి జరీబు భూముల నుంచి కూరగాయల మూటలు, పూల గంపలు వస్తాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు ఆటోలు, మోపెడ్లు ఎక్కాయి కాని, క్యారియర్ మీద అరటాకుల కట్ట తాళ్ళతో బిగించి సైకిలు మీదే తెచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. హ్యాండిలుకు ఒకపక్క అన్నం క్యారేజీ, మరోపక్క గోనెసంచీలో తాపీ, మట్టం, తూకపు గుండు వేలాడదీసుకుని మేస్త్రీలు వస్తారు. బ్రష్షులు డబ్బాలో నిలబెట్టుకుని పెయింటర్లు వస్తారు. అదే వేళకు ఎదురుగా, రాత్రంతా మేలుకున్న వాచ్‌మన్లు, ఖాకీ చొక్కా పై గుండీలు విప్పుకుని ఇళ్ళకు పోతుంటారు. కెనాల్ రోడ్డు దాకా మేమంతా ఒక్క వరస. ఆ తర్వాత కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర కొందరు, వన్‌టౌన్ సందుల్లోకి కొందరు విడిపోతారు. రైలు వంతెన కిందనుంచి దూరి గవర్నరుపేట చేరేసరికి ఇద్దరం ముగ్గురం మిగులుతాం.

ఈ వరసలోనే ఒక మేస్త్రీగారు పరిచయమయ్యారు. యాభై దాటిన మనిషి, తలగుడ్డ, నల్ల సైకిలు. ఒక వైశాఖ సాయంత్రం నేను పిట్టగోడ పక్కన కాలు ఆన్చి ఊపిరి తీసుకుంటుంటే, ఆయన దాటబోయి వేగం తగ్గించారు. "మాస్టారూ, పక్కన కాదు, నా వెనకాల రండి. గాలి నేను తీసుకుంటా" అన్నారు. ఆయన వెనక చక్రానికి మూరెడు ఎడంగా నా ముందు చక్రం పెట్టి తొక్కాను. ఒక్కసారిగా పెడలు తేలికైంది. ముందు మనిషి గాలిని చీలిస్తే వెనక మనిషికి శ్రమ తగ్గుతుందని పందేల్లో తొక్కేవాళ్ళు లెక్కలు కట్టి మరీ వాడుకుంటారు. పెద్దల నుంచి వచ్చిన వాడుకలాగా మేస్త్రీలు దాన్ని ఎప్పటినుంచో చేస్తున్నారు. సగం దూరం పోయాక ఆయన కుడిచెయ్యి కొంచెం ఊపారు. ముందుకు రమ్మని అర్థం. మిగతా సగం గాలి నేను తీసుకున్నాను. ఆయన పేరు నాకు తెలిసింది ఆ తర్వాత చాలాకాలానికి.

రోడ్డు మీద ఇంకే వాహనం నడిపేవాళ్ళ మధ్యా ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం నేను చూడలేదు. కారుకు కారు అడ్డు, బండికి బండి అడ్డు. సైకిలుకు సైకిలు తోడు.

పనికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళంటే ఎక్కడో మిగిలిపోయిన కొద్దిమంది అనుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో మనుషులు పనికి ఎలా వెళుతున్నారో కూడా అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్ళు దేశంలో సుమారు 20 కోట్ల మంది ఉంటే, అందులో 2.6 కోట్ల మంది సైకిలు మీద వెళుతున్నామన్నారు. మోటారు సైకిళ్ళు, స్కూటర్లు, మోపెడ్ల మీద వెళ్ళేవాళ్ళందరినీ కలిపినా ఆ సంఖ్యకు కాస్త తక్కువే ఉన్నారు. కార్లలో, జీపుల్లో వెళ్ళేవాళ్ళు 3 శాతం లోపు. నడిచి వెళ్ళేవాళ్ళు 4.5 కోట్లు. ఆ తర్వాత మోటారు బళ్ళు చాలా పెరిగాయి, నిజమే. అయినా రోడ్లు వేసింది, వంతెనలు కట్టింది ఆ 3 శాతాన్ని దృష్టిలో పెట్టుకునే అని ఏ కూడలిలో నిలబడి చూసినా తెలుస్తుంది. నాకు కోపం వచ్చే విషయం ఇదొక్కటే.

ఒకప్పుడు మునిసిపాలిటీలు, పంచాయతీలు సైకిలుకు పన్ను వేసి, కట్టినట్టు గుర్తుగా బిళ్ళ ఇచ్చేవి. రాత్రిపూట లైటు లేకపోతే పోలీసులు ఆపేవాళ్ళు. డబల్స్ ఎక్కించుకుంటే జరిమానా. మా నాన్నగారు ఆ బిళ్ళలను ఒక సిగరెట్టు డబ్బాలో దాచారు. పన్ను కట్టడం ఎవరికి ఇష్టం? కాని పన్ను కట్టించుకున్న ఊరు ఆ సైకిలు తన రోడ్డు మీద ఉందని ఒప్పుకుంది. పన్ను ఎత్తేశాక సైకిలు లెక్కలోంచే పోయింది. ఇప్పుడు లైటు లేదని మమ్మల్ని ఎవరూ ఆపరు. ఆ ఆపడంలో ఒక పట్టింపు ఉండేదని నాకనిపిస్తుంది.

ఈ బ్యారేజీ కూడా సైకిళ్ళ కాలంలోనే పుట్టింది. 1850లలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో 1957 నాటికి ఇది లేచింది. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో సైకిళ్ళ తయారీ మొదలుపెట్టాయి. కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చే కట్టడానికి, కూలికీ ఉద్యోగికీ సొంత చక్రాలిచ్చిన సైకిలుకూ దాదాపు ఒకటే వయసు. గుంటూరు జిల్లా వైపు మనిషి పడవ కోసం, రైలు కోసం ఎదురు చూడకుండా తన వేళకు తాను బెజవాడ పనికి పోయి రావడం ఈ రెండూ కలిసినందువల్లే సాధ్యమైంది.

నా సైకిలు కూడా ఆ పాత రకమే. 22 అంగుళాల నల్ల ఫ్రేము, నిండు చైను కవరు, వెనక బలమైన క్యారియరు, రెండు కాళ్ళ స్టాండు. గేర్లు లేవు. సీతానగరం దిగువన పంచరు షాపు బాబాయి చేతి మీద నడుస్తోంది. ఆయన ట్యూబును తొట్టి నీళ్ళలో ముంచి బుడగ వచ్చిన చోట వేలు పెట్టి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ఆరేదాకా తొందరపడకుండా కూర్చుంటారు. తడిగా ఉండగా ముక్క అంటిస్తే నాలుగు రోజుల్లో లేస్తుందంటారు. వేసవిలో గాలి మరీ బిగించి కొట్టరు. మధ్యాహ్నం ఎండలో నిలబెడితే ట్యూబు పేలుతుందని ఆయన అనుభవం. ఏటా వానలకు ముందు ఓవరాయిలింగ్. ఇరుసులు విప్పి, గోళీలు కిరసనాయిలులో కడిగి, అరిగినవి మార్చి, గ్రీజు పెట్టి బిగిస్తారు. ఆ రోజు సాయంత్రం సైకిలు చప్పుడు చెయ్యదు. ఫ్రీవీలు టికటిక తప్ప ఏమీ వినపడదు. ఏ యంత్రం మీదా నాకు అంత ప్రేమ లేదు. ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, ఏది పాడైందో చేతికి తెలుస్తుంది, బాగుచేసే మనిషి నడకదూరంలో ఉంటాడు.

"ఈ ఎండల్లో సైకిలేంటండీ, వాయిదాల్లో బండి తీసుకోవచ్చుగా" అని ఆఫీసులో అంటారు. నా మీద అభిమానంతోనే అంటారు. మే నెలలో 45 డిగ్రీల దగ్గర వడగాలి కొడుతున్నప్పుడు వాళ్ళ మాట తప్పని నేనూ అనను. ఆ రోజుల్లో ఏడింటికల్లా ఆఫీసు చేరిపోతాను. బీరువాలో మడిచిన చొక్కా ఒకటి ఉంటుంది. తువ్వాలు తడిపి ఒళ్ళు తుడుచుకుని, ఫ్యాను కింద కాసేపు కూర్చుంటే మొదటి ఫారం ప్రూఫులు చూసేంత నిమ్మళం వస్తుంది. ఎండ కంటే నాకు కష్టంగా తోచేది వేరే. ఊళ్ళో ఒక పెద్ద దుకాణానికి వెళితే సైకిలు పెట్టడానికి చోటు లేదన్నారు. కార్లకు, మోటారు బళ్ళకు చీటీ ఇచ్చే మనిషే సైకిలుకు ఇవ్వనన్నాడు. అతన్నేమీ అనలేం, అతనికి చెప్పిన మాట అది. ఇంటికి పోయేటప్పుడు అతనెక్కేది కూడా సైకిలే కావచ్చు.

వర్షాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు మాత్రం ఈ దారికి ఇంకేదీ సాటి రాదు. ఎర్రనీళ్ళ హోరులో పక్కన తొక్కే మనిషి మాట వినపడదు. తుంపర ముఖానికి కొడుతుంది, ఒండ్రు వాసన దిగువ గట్టు దాకా వస్తుంది. కారు అద్దాల్లోంచి వరద కనబడుతుందేమో, వాసన రాదు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దినప్పుడు, ఇక్కడ గేట్ల నంబర్లతో సహా తెలిసిన మనుషులు ఎంతమంది ఉన్నారో అర్థమైంది. ఏ ఖానా దగ్గర ఏం విరిగిందో పంచరు షాపు ముందు నిలబడి చెప్పుకున్నారు. తాము రోజూ మోకాళ్ళతో కొలిచే కట్టడం గనక అందరికీ అది ఇంటి విషయమైంది.

దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి కింద బళ్ళను మళ్ళిస్తారు. అప్పుడు మేం సైకిలు దిగి నడిపించుకుంటూ పోతాం. దిగగానే పాదచారులం. భవానీల ఎర్రబట్టల మధ్య, చెప్పుల్లేని కాళ్ళు తొక్కకుండా చక్రం తిప్పుకుంటూ పోవడానికి ఓపిక కావాలి. ఎవరూ విసుక్కోరు.

మాకు కావలసింది పెద్ద ఖర్చు కాదు. బ్యారేజీని వెడల్పు చెయ్యలేరు, తెలుసు. రెండు అంచుల్లోనూ ఒక గీత గీసి, ఆ గీతలోపల మోటారు బండి నిలపకుండా చూస్తే చాలు. సెలవు సాయంత్రాల్లో అంచులన్నీ నిలిపిన బళ్ళతో నిండిపోయి, అడ్డగాలిలో మేం రోడ్డు మధ్యకు రావలసి వస్తోంది. కాలవ గట్ల మీద పోయిన చెట్ల చోట కొత్తవి నాటాలి. వేప అయినా సరే, కానుగ అయినా సరే, పొద్దునా సాయంత్రం నీడ రోడ్డు మీద పడేట్టు నాటాలి. మార్కెట్ల దగ్గర, పెద్ద భవనాల దగ్గర సైకిలుకు తాళం వేసుకునే కమ్మీ ఒకటి ఉండాలి. వినోదానికి తొక్కేవాళ్ళ కోసం ట్రాకులు వేస్తున్నారు, సంతోషం. పనికి తొక్కేవాళ్ళు ఇళ్ళకూ పనికీ మధ్య ఉన్న దారిలోనే తొక్కుతారు, ఇంకెక్కడికీ పోయి తొక్కరు. గీత అక్కడ కావాలి.

మేస్త్రీగారు ఈమధ్య మోపెడ్ కొనాలని చూస్తున్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. పనులన్నీ ఊరి చివరికి పోయాయి. నిడమానూరు, పోరంకి, గన్నవరం. పదహారు, పాతిక కిలోమీటర్లు సైకిలు తొక్కి వెళ్ళి, పగలంతా పరంజా మీద నిలబడి, మళ్ళీ తొక్కి రావాలంటే ఏ మనిషి వల్లా కాదు. సైకిలు తొక్కే మనిషికి పని దగ్గరలో ఉండాలి, లేదా పని దగ్గర ఇల్లు దొరకాలి. రెండూ ఆయన చేతిలో లేవు.

నిన్న సాయంత్రం బ్యారేజీ మొదట్లో కలిశారు. భవానీపురంలో ఒక ఇంటికి ప్లాస్టరింగు పని దొరికిందట. "నెలాఖరు దాకా సైకిలే మాస్టారూ" అన్నారు, ముఖం వెలిగిపోతూ. ఆ తర్వాతో అని అడిగాను. "పోరంకిలో రమ్మంటున్నారు. వాయిదా ఎంత పడుతుందో కనుక్కోవాలి" అంటూ తలగుడ్డ బిగించుకుని నా ముందుకు వచ్చారు.