ఉదకమండలంలో నూరు దెబ్బలు

గోల్ఫు నేర్చుకుంటున్నానని చెప్పగానే మనవాళ్ళు రెండే ప్రశ్నలు వేస్తారు. "ఈ వయస్సులో ఎందుకండీ?" అన్నది మొదటిది. "ఎన్నాళ్ళకు వస్తుందండీ?" అన్నది రెండోది. మొదటిదానికి నావద్ద జవాబు లేదు. రెండోదానికి తేదీలతో సహా ఉంది. ఆ తేదీలున్న నోటుబుక్కు మా బావగారి చేతిసంచీలో ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో ఆ నోటుబుక్కూ, బావగారూ, అక్కయ్యా, నేనూ, రెండు గోల్ఫు సంచులూ కలిసి ఉదకమండలం వెళ్ళివచ్చాము. ఆ ముచ్చటే ఇది.

బెంగుళూరులో తెల్లవారకుండా బయలుదేరితే మైసూరులో ఇడ్లీల వేళకు చేరవచ్చు. అక్కడినుంచి నంజనగూడు, గుండ్లుపేట, ఆ పైన బందీపూరు అడవి. ఈ అడవి దారిని 2009 నుంచీ రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరుకు తెరుస్తున్నారు. కొండమీదికి పోయే బండ్లకు 2024 మే నెలనుంచి ముందుగా అనుమతి చీటీ కూడా తీసుకోవలసి వచ్చింది. అక్కయ్య రెండు రకాల పులిహోర కట్టింది కనుక దారిలో ఎక్కడా ఆగే పని పడలేదు. గూడలూరు దాటి ఘాటు ఎక్కుతూంటే తేయాకు తోటలు, నీలగిరి చెట్లు, ఆ తర్వాత చలి. బావగారు శాలువా కప్పుకుని, "ఏమోయ్, ఇక్కడ బంతి కాస్త ఎక్కువ దూరం పోతుంది, గుర్తుంచుకో" అన్నారు.

ఆ మాట నిజమే. ఊటీ సముద్రమట్టానికి ఏడువేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన, బంతికి తగిలే అడ్డు తక్కువ. సముద్రతీరంలో నూరు గజాలు పోయే బంతి అక్కడ ఇంచుమించు మరో ఏడెనిమిది గజాలు పోతుంది. బంతి తిన్నగా పోయేవాడికి ఇది లాభం. నావంటివాడికి అది వంకరగా పోయే దూరం కూడా ఆ లెక్కనే పెరుగుతుంది!

ఊటీ గోల్ఫు మైదానం వెన్‌లాక్ డౌన్స్ అనే గడ్డికొండల మీద ఉంది. 1891 నుంచి 1896 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ వెన్‌లాక్ పేరు అది. ఈ కొండల్ని మీరు చూడలేదని మాత్రం అనకండి. మన తెలుగు సినిమాల్లో నాయికానాయకులు పాట మొదలవగానే ఏ పచ్చటి వాలుమీద చేతులు చాచి పరుగెత్తుతారో, అవి చాలాసార్లు ఈ వాలులే. సమతలమన్నది అక్కడ అరుదు. బంతి దగ్గర నిలబడితే ఒక కాలు పైన, ఒక కాలు కింద. దూరంగా లోయ మడతల్లో గుబురుగా సోలా అడవులు. ఉదయం పొగమంచు లేచేదాకా జెండా కనబడదు. కనబడ్డాక, ఆ కనబడకపోవడమే మేలనిపిస్తుంది.

మైదానం పొడుగునా పసుపుపచ్చని పూలతో ముళ్ళ పొదలుంటాయి. గోర్స్ అంటారు. ఇది ఈ నేలది కాదు. స్కాట్లండు సముద్రపుటొడ్డున, గోల్ఫు పుట్టిన ఇసుక నేలల్లో, ఇదే పొద. తెల్లదొరలు ఆటతోపాటు ఈ పొదను కూడా నీలగిరికి తెచ్చారు. ఆట కొద్దిమందికే అబ్బింది, పొద మాత్రం కొండంతా అల్లుకుని అక్కడి సహజమైన గడ్డికి చేటు తెచ్చింది. ఇందులో పడిన బంతిని వెతకడానికి నిబంధన ప్రకారం మూడు నిమిషాలే గడువు. 2019కి ముందు అయిదు ఉండేది. నేను ఆట నేర్చేసరికి ఆ రెండు నిమిషాలు కూడా పోయాయి. దొరక్కపోతే ఒక దెబ్బ జరిమానా కట్టి, మళ్ళీ మొదట కొట్టిన చోటినుంచే కొట్టాలి.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. మైదానంలో పద్దెనిమిది గుంటలు. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. 1891లో ఖాయం చేసిన కొలత ఇది. ఒక్కొక్క గుంటలోకి బంతిని చేర్చడానికి బాగా ఆడేవాడికి ఇన్ని దెబ్బలు చాలునని ఒక అంచనా వేసి దానిని పార్ అన్నారు. మొత్తంమీద అది సాధారణంగా డెబ్భై, డెబ్భైరెండు అవుతుంది. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారిది గెలుపు. కొత్తవాళ్ళందరికీ ఒకటే కోరిక: నూరుకు దిగువకు రావడం. మన ఇళ్ళల్లో పిల్లలు నూటికి నూరు కావాలని కూర్చుంటారు, మేము నూరు రాకూడదని తిరుగుతాము.

ఇక నోటుబుక్కు. నేను ఉద్యోగంనుంచి ముందుగా విరమించి, యాభైయెనిమిదో ఏట, 2021 జూలైలో కర్ర పట్టాను. నాలుగు నెలలు వలల ముందు నిలబడి కొట్టడంతోనే సరిపోయింది. ఆ నవంబరులో మొదటిసారి పద్దెనిమిది గుంటలూ ఆడితే నూటనలభైఒకటి. 2022 మార్చికి నూటఇరవైఎనిమిది. ఆగస్టుకు నూటపదిహేడు. ఇలా దిగితే దీపావళికల్లా నూరు దాటిపోతానని అక్కయ్యతో పందెం కాశాను. ఆ దీపావళీ పోయింది, మరొక దీపావళీ పోయింది. 2023 చివరిదాకా నూటపదకొండుకూ నూటపద్దెనిమిదికీ నడుమనే ఊగాను. మధ్యలో ఒక శిక్షకుడు నా పట్టు తప్పన్నాడు. పట్టు మారిస్తే నూటఇరవైఅయిదుకు ఎక్కాను. 2024లో మెల్లగా నూటఎనిమిది, నూటఆరు, నూటనాలుగు.

మొదట అంత తొందరగా దిగి, తర్వాత ఎందుకు ఆగిపోయిందో ఆ పుస్తకం తిరగేస్తేనే తెలిసింది. బావగారు ప్రతి గుంట పక్కన చిన్న గుర్తులు వేస్తారు. బంతి పోతే సున్న, గాలిలో కర్ర ఊపితే గీత. నా మొదటి ఆటలో సున్నలూ గీతలూ కలిపి ఇరవైరెండు. అంటే నేను ఆరునెలల్లో సాధించిందల్లా బంతిని తాకడమూ, పారేసుకోకపోవడమూ. ఆట బాగుపడటం వేరు, ఆగడాలు తగ్గడం వేరు. రెండోది నెలల్లో అవుతుంది. మొదటిది మొదలయ్యేది అక్కడే.

ఆ తర్వాత ఏది సాధన చేయాలన్నదాని మీద బావగారికీ నాకూ ఎప్పుడూ తగువే. గుంట దగ్గర బంతిని దొర్లించడమే సర్వస్వమని పాతకాలపు గురువుల మాట, బావగారిదీ అదే. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు మార్క్ బ్రోడీ లక్షలాది దెబ్బల లెక్కలు తీసి 2014లో పుస్తకం వేశాడు. బాగా ఆడేవాడికీ ఆడనివాడికీ ఉన్న తేడాలో సుమారు మూడింట రెండు వంతులు నూరు గజాలకు పైనుంచి కొట్టే దెబ్బల్లోనే ఉందని ఆయన తేల్చాడు. నేను అది చూపిస్తే బావగారు, "ఆయన ఎప్పుడైనా నీతో ఆడాడా?" అన్నారు. ఏమాటకామాటే, 2024లో నాకు దిగిన ఎనిమిది పది దెబ్బలు దూరపు దెబ్బలు తిన్నగా పోవడంవల్ల దిగినవే.

చిన్ననాడే కర్ర పట్టినవాళ్ళ సంగతి వేరు. ఢిల్లీలో సంచులు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మా బెంగుళూరులో క్యాడీగా మొదలుపెట్టిన సి. మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు. వాళ్ళు పొద్దస్తమానం మైదానంలోనే బతికినవాళ్ళు. వారానికి రెండు పూటలు ఆడే నాబోటివాడు వాళ్ళతో పోల్చుకోవడం తగదు. నాకు తెలిసిన పెద్దవయస్సు కొత్తవారిలో రెండేళ్ళకు నూరు దిగినవాళ్ళున్నారు, పదేళ్ళకూ దిగనివాళ్ళున్నారు. దిగకుండానే దిగామని చెప్పేవాళ్ళూ ఉన్నారనుకోండి.

ఆ పుస్తకంలో నాది ఎడమవైపు, బావగారిది కుడివైపు. ఇన్నాళ్ళూ నేను ఎడమవైపే చదువుకునేవాడిని. ఊటీ వెళ్ళే ముందురోజు రాత్రి సంచులు సర్దుతూ కుడివైపు చూశాను. 2021లో ఎనభైతొమ్మిది, తొంభైఒకటి. 2022లో తొంభైమూడు. 2023లో మోకాలి శస్త్రచికిత్స, ఆ తర్వాత తొంభైఎనిమిది. 2024లో నూటరెండు, నూటనాలుగు. ఆయనకు డెబ్భైఆరు. ఒకప్పుడు రెండువందల గజాలు కొట్టిన మనిషి ఇప్పుడు నూటయాభై కొడితే సంతోషిస్తున్నారు. నావి దిగిన అంకెలూ ఆయనవి ఎక్కిన అంకెలూ చివరి పుటలో పక్కపక్కన కూర్చున్నాయి.

ఈ ఆటలో హ్యాండికాప్ అని ఒక ఏర్పాటుంది. బలహీనుడికి బలవంతుడు కొన్ని దెబ్బలు వదిలివేస్తాడు. 2020లో వచ్చిన ప్రపంచ పద్ధతి ప్రకారం చివరి ఇరవై ఆటల్లో మంచివి ఎనిమిది తీసి లెక్క కడతారు, ఎంత కొత్తవాడికైనా యాభైనాలుగుకు మించదు. అందువల్ల తాతా మనవడూ కూడా సమానంగా ఆడుకోవచ్చు. మా ఇద్దరి మధ్య లెక్క ఇంకా సులువు. బావగారు మొదట్లో నాకు నలభై దెబ్బలు వదిలేవారు. తర్వాత పాతిక. తర్వాత పన్నెండు. ఊటీ మైదానంలో మొదటి గుంట దగ్గర నిలబడి ఆయన, "ఈసారి ఎవరూ ఎవరికీ ఇచ్చేది లేదు" అని ఒక్క మాట అని బంతి నిలబెట్టారు. నాకు ఏమనాలో తోచలేదు.

మా క్యాడీ బడగ కుర్రవాడు. వాడి తమిళం మాకు సగం, మా ఇంటి కన్నడం కలిసిన తెలుగు వాడికి పావు. అయినా అంకెల దగ్గర పేచీ రాలేదు. ఆరు అన్నమాట తమిళంలోనూ, కన్నడంలోనూ, మనకూ ఒక్కటే. నేను ఎక్కువగా కొట్టేదీ ఆరే. మొదటిరోజు నాకు నూటఏడు, బావగారికి నూటఅయిదు. అక్కయ్య తేయాకు షాపులో ఉండగా రెండోరోజు మళ్ళీ వెళ్ళాము.

ఆ రోజు నాకేమయిందో తెలియదు. పొదల్లో ఒక్క బంతే పోయింది. బావగారు పదో గుంట తర్వాత వాలు ఎక్కలేక రెండుచోట్ల కూర్చున్నారు. పద్దెనిమిదో గుంట ముందు కుర్రవాడు నా దెబ్బలు కూడి చెప్పాడు. ఆఖరి గుంటను అయిదులో ముగిస్తే తొంభైతొమ్మిది. నాలుగు దెబ్బలకు బంతి గుంటకు రెండడుగుల్లోకి వచ్చింది. బావగారు అప్పటికే నూటమూడు ముగించి జెండా పట్టుకుని నిలబడ్డారు.

నిజం చెప్పాలంటే, తప్పించాలన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. ఈ బంతి పడితే పుస్తకంలో నా వైపున తొలిసారి రెండంకెల సంఖ్య వస్తుంది, ఆయన వైపు నూటమూడు ఉంటుంది, ఆయనకు మళ్ళీ రెండంకెలు రావు. నా ముఖం చూసి ఆయన గ్రహించారు గావును. "ఏమోయ్, వేషాలు వేయకు. నేర్పింది నేను. పడకపోతే నా నేర్పుకే మచ్చ" అన్నారు. ఆ మాటకు నా ఆలోచన ఎగిరిపోయింది. వేయాలనే నిశ్చయించుకుని, శ్రద్ధగా, ఊపిరి బిగబట్టి కొట్టాను. బంతి గుంట అంచు చుట్టివచ్చి బయట ఆగింది. ఎనిమిది అడుగుల దూరంనుంచి వృత్తి ఆటగాళ్ళే సగంసార్లు తప్పుతారని చదివాను కాని, రెండడుగులకు నావద్ద ఏ సాకూ లేదు. నూరు.

కావాలని తప్పించానని బావగారికి గట్టి నమ్మకం. భోజనం దగ్గర మాట్లాడలేదు. కుర్రవాణ్ణి సాక్ష్యం అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు. గూడలూరు దిగేదాకా ఒట్లు పెట్టుకున్నాను. బందీపూరు గేటు మూయకముందే దాటాలని డ్రైవరు తొందరపడుతూంటే, వెనక సీట్లో ఆయన నోటుబుక్కు తెరిచి ఎడమవైపు నూరు వేశారు. పక్కన సున్నా కాదు, గీతా కాదు, ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

"వచ్చేసారి నువ్వే నాకు మూడు ఇవ్వాలి" అన్నారు.

"ఇస్తాను, ఆ ప్రశ్నార్థకం కొట్టెయ్యండి" అన్నాను.

"అది ఉంటుంది" అని పుస్తకం మూసి సంచీలో పెట్టారు. అక్కయ్య మిగిలిన పులిహోర విప్పింది.