ఉద్దెర ఖాతా

ఆ మధ్య నగరానికి ఆ కొసన ఒక సెమినార్ జరుగుతుంటే వార్త రాయడానికి పోయాం. విషయం సుస్థిర జీవనం. కొనడం తగ్గించండి, పాతవి బాగుచేయించుకోండి, పక్క దుకాణంలోనే కొనండి అన్నారు. మంచి మాటలే. చాయ్ దగ్గర ఒకాయన "మీదెక్కడ?" అనడిగాడు. కంచన్‌బాగ్ అన్నాం. "పాతబస్తీకి ఈ చైతన్యం ఎప్పుడొస్తుందో!" అని నిట్టూర్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా అమ్మీ ఏ సెమినార్‌కూ పోలేదు. అబ్బా షేర్వానీ చిరిగితే రఫూగర్‌కి ఇచ్చేది. ఆయన ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, చిరుగు మీద నిలువూ అడ్డమూ అల్లి, చిరిగిన జాడ లేకుండా చేసేవాడు. బిర్యానీ వండే రాగి దేగిశాకు కళాయి పోతే, కళాయివాలా గల్లీలోనే నిప్పులు రాజేసి, నవసాగరం చల్లి, తగరం పూసి, లోపలంతా వెండిలా చేసిచ్చేవాడు. చలికాలం ముందు రజాయిలు విప్పి పాత దూది మళ్లీ ఏకించేవాళ్లం. దీన్ని మేం పర్యావరణం అనుకోలేదు, లేమి అనుకున్నాం. మీరూ అట్లాగే అనుకున్నారు. ఇప్పుడు అదే పని మీరు చేస్తే చైతన్యం, మేం చేస్తే ఇంకా వెనుకబాటే.

ఇక్కడ ఒక మాట దాస్తే అబద్ధమవుతుంది. ఆ దూది ఏకిన మనిషి దూదేకుల సాయిబు. ఆయనా కలిమా చదివినవాడే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. "ఉర్దూ రాని ముసల్మానేంది?" అని మా పెద్దలు నవ్వుకున్నారు. గుమ్మం బయటే కూర్చోబెట్టి పని చేయించుకున్నారు. ఆయన ఏకిన రజాయి కప్పుకుని మేం వెచ్చగా నిద్రపోయాం. ఆయనను చూసి నవ్విన ఆ తెలుగే ఇవాళ మాకు అన్నం పెడుతోంది.

మా గల్లీ మొదట్లో సేట్ కిరాణా దుకాణం ఉండేది. గల్లాపెట్టె మీద లక్ష్మీదేవి పటం. 1990 డిసెంబర్ అల్లర్లప్పుడు పాతబస్తీ కర్ఫ్యూలో మగ్గింది. మేమప్పటికి బడిపిల్లలం. పని లేదు, అబ్బా జేబులో పైసలు లేవు. సడలింపు ఇచ్చిన వేళ సేట్ సగం తలుపు తెరిచి బియ్యం, పప్పు, నూనె కట్టిచ్చాడు. ఎర్రట్ట ఖాతాలో అబ్బా పేరు కింద రాసుకున్నాడు. పేరు చూసి పొడుస్తున్న రోజుల్లో ఆయన పేరు చూసి అప్పిచ్చాడు. ఆ ఉద్దెర తీరేసరికి రంజాన్ వచ్చింది. స్థానిక వ్యాపారమంటే మాకు తెలిసింది ఇదే: మన పేరు తెలిసీ ఒకరు మనల్ని నమ్మడం.

మరి ఆ నమ్మకం సంగతేమైంది? 2020 ఏప్రిల్‌లో, కరోనా తొలిరోజుల్లో, తబ్లిగీ పేరు చెప్పి ముస్లిం తోపుడుబండి దగ్గర కూరగాయలు కొనొద్దని దేశంలో చాలాచోట్ల ఫోన్లలో ప్రచారం నడిచింది. 2022 మార్చిలో కర్ణాటక తీరప్రాంతంలో కొన్ని గుడి జాతరల్లో ముస్లిం వ్యాపారులకు చోటు లేదన్నారు. స్థానికంగా కొనమనే మిత్రులారా, ఏటా ఆ జాతరలోనే దుకాణం పెట్టినవాడు స్థానికుడు కాకుండా ఎట్లా పోయాడు?

మా కంచన్‌బాగ్ దేశానికి తెలిసిన చోటే. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని పుట్టాయి. 1982లో అబ్దుల్ కలాం ఇక్కడి డి.ఆర్.డి.ఎల్.కు డైరెక్టర్‌గా వచ్చారు. 2021లో మిధాని దగ్గరి కొత్త ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు. మాకు గర్వమే. కానీ క్షిపణి చేసిన ముస్లిం అందరివాడవుతాడు. రఫూ చేసే ముస్లిం మాత్రం తాను ఎక్కడివాడో రోజూ చెప్పుకోవాలి.

మా ఖాతాలోనూ బాకీలున్నాయి. 2020 అక్టోబర్ వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, పక్కనున్న హఫీజ్‌బాబా నగర్ మునిగింది. చెరువుల్లో ఇళ్లు లేస్తున్నప్పుడు మేం గట్టిగా మాట్లాడలేదు. నాలాలకు అడ్డుపడే ప్లాస్టిక్ సంచుల్లో మా ఇంటివీ ఉన్నాయి. మా పిల్లలు చిరిగింది పారేసి ఫోన్లో కొత్తది తెప్పిస్తున్నారు. రఫూగర్ పని పోతే మాకేం పోతుందో వాళ్లకు చెప్పలేకపోయాం.

సామాను ఇప్పటికీ సేట్ కొడుకు దగ్గరే తెచ్చుకుంటున్నాం. మొన్న చలికాలం ముందు దూది ఏకే మనిషి కోసం వెతికాం. చాలా తిరిగితే ఒకాయన దొరికాడు. లోపలికి పిలిచి కుర్చీ వేశాం. చాయ్ తాగుతూ తెలుగులోనే మాట్లాడుకున్నాం. పోయేటప్పుడు ఆయన అడిగినంతా బేరం లేకుండా ఇచ్చాం. పాత బాకీలో అది వడ్డీకి కూడా రాదు.