కడియపులంకలో నేర్చిన విద్య

రాజమహేంద్రవరము విడిచి వేమగిరి దాటినది మొదలు బాట కిరుప్రక్కల మొక్కలే మొక్కలు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు పాఱిన భూమి యిది. నేడు ఆ ఆనకట్టకు బదులు బారేజి వచ్చినది గాని, కాలువయు, గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టియు కడియపు తోటలవారి నిప్పటికిని పోషించుచునే యున్నవి.

మే మచ్చటికి పోయినది వేడుకకు మాత్రము గాదు. కోనసీమలోని మా అత్తవారి పాతయిల్లు పరులకు అమ్ముడుపోయినది. కార్తికమాసము దాటగానే దానిని పడగొట్టుదురని తెలిసెను. నూతిపళ్లెము ప్రక్కను మా అత్తగారు స్వహస్తములతో నాటిన దానిమ్మచెట్టు కూడ దానితో పోవలసినదే. గింజ నాటవచ్చును గదా యందురేమో! గింజమొక్కకు తల్లిగుణము వచ్చునను నమ్మకము లేదు. అంటుమొక్క యన్ననో, ఆ చెట్టే. అందుచేత వేసవిలో ఒక కొమ్మకు మేమే గాలి అంటు కట్టి చూచితిమి. రెండు మాసములకు విప్పగా వేరొక్కటియు లేదు.

ఆషాఢమున కడియపులంకలో ఒక తోటయందు అంట్లు కట్టుచున్న ముదుసలి నడిగితిమి. ఆమె మా మాట విని, “బెరడు ఎంత తీశారండి?” అనెను. సన్నని గాటు మాత్రమే పెట్టితిమంటిమి. “అయితే గాయం మానిపోయిందండి. చెట్టుకి వేరుతో పనేముంది?” అని నవ్వెను.

పిమ్మట చేసి చూపెను. చిటికెనవ్రేలంత లావు కొమ్మను ఎంచి, అంగుళము మేర చుట్టును బెరడు ఉంగరమువలె ఒలిచి, లోపలి జిగురుపొరను కత్తితో శుభ్రముగా గీకెను. తడిపి పిండిన నాచును గుప్పెడు దానిచుట్టు పొదిగి, పాలితీనుకాగితము చుట్టి రెండుకొనల బిగించి కట్టెను. ఈ కాగితము రాకమునుపు మట్టిముద్ద కట్టి, పైన చిల్లికుండ వ్రేలాడదీసి, బొట్టుబొట్టుగా నీరు పడునట్లు చేయుట మనదేశమున వాడుక.

ఇందలి మర్మ మిది. ఆకులు వండిన ఆహారము బెరడుగుండ క్రిందికి దిగును. నీరు లోని కొయ్యగుండ పైకెక్కును. బెరడు తీసినచోట ఆహారము ఆగి, తడి చీకటి దొరకుటచే వేళ్లు పుట్టును. నీరు ఆగదు గనుక కొమ్మ వాడదు. జపానువారు ఈ అంటును తొరికి యందురు. పళ్లెములో పెంచు బోన్సాయి వృక్షముల కిది మిక్కిలి యనుకూలము. వంపులు తిరిగిన ముదురుకొమ్మ నెంచుకొన్నచో, గింజమొక్కకు ఏండ్లకొలది పట్టు రూపము ముందే లభించును.

శ్రావణమున వానలు పడుచుండగా పాతయింటికి పోయి మూడు కొమ్మలకు అంట్లు కట్టితిమి. ఆశ్వయుజమున చూడగా ఒకటి ఎండినది. రెండింట తెల్లనివేళ్లు కాగితము లోపల అల్లుకొని యున్నవి. వాని క్రింద కోసి, వేళ్లు చెదరకుండ కాగితము విప్పి, ఆకులు కొన్ని తగ్గించి, తొట్లలో నాటి నీడన నుంచితిమి. సోదరీమణులు తొందరపడి వెంటనే పళ్లెమునకు మార్చరాదు. లేతవేళ్లు మొదట బలియవలెను. మేము ఒక సంవత్సరమాగి, వేళ్లు కొంచెము కొంచెముగా కత్తిరించి మార్చితిమి.

మా అత్తగారి కిది మొదట రుచింపలేదు. “చెట్టును చట్టిలో బిగిస్తారుటే?” అనిరి. అందుచే ఒక మొక్కను మా మఱదిగారి పెరటిలో నేలను నాటితిమి. రెండవది మా డాబాపై పళ్లెములో నున్నది, మూరెడెత్తు లేదు.

ఇల్లు పోయిననాటినుండి ఆమె దానిమాట యెత్తుట లేదు. ఈ యేడు పళ్లెపుచెట్టు ఎఱ్ఱనిమొగ్గ తొడిగినది. ఆమెను మెల్లగా మెట్లెక్కించి చూపితిమి. చాలసేపు చూచి, “నూతిదగ్గరదే” యనిరి. నాటినుండి ఉదయము దానికి నీరుపోయు పని మాది గాదు.